బాంబుల నడుమ మొక్కల లెక్క

1939 ఆగస్టు చివరి వారంలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఏడో అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నికైన రష్యన్ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ రాలేదు. సోవియట్ ప్రభుత్వం ఆయన్ను రానివ్వలేదు. సభలు సాగుతుండగానే జర్మన్ ప్రతినిధులు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఆ వెనకే మిగతా దేశాలవారూ దొరికిన ఓడ పట్టుకున్నారు. సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. కోయంబత్తూరు నుంచి వచ్చిన 41 ఏళ్ల మలయాళీ మహిళ ఒకరు మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఆమె మళ్లీ భారతదేశంలో ఉద్యోగం చేపట్టడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది.

ఆమె పేరు ఎడవలత్ కక్కట్ జానకి అమ్మాళ్. యుద్ధం వల్ల ఇంగ్లండ్‌లో చిక్కుకుపోయారని ఆమె గురించి రాసేవారు చెబుతుంటారు. అది సగం నిజమే. తిరిగి రావడానికి ఆమెకు ఉత్సాహం లేకుండా చేసిన పరిస్థితులు యుద్ధానికి ముందే కోయంబత్తూరులో ఉన్నాయి.

జానకి 1897 నవంబర్ 4న తలశ్శేరిలో పుట్టారు. తండ్రి కృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీలో సబ్ జడ్జి. పక్షులంటే, తోటలంటే ప్రాణం. తల్లి దేవి ఒక ఆంగ్లేయ అధికారికి, మలబారు స్త్రీకి పుట్టిన బిడ్డ. తీయ కులం. ఇంటినిండా పిల్లలు. అక్కచెల్లెళ్లకు పెళ్లిళ్లు అవుతుంటే జానకి తనకొచ్చిన సంబంధాన్ని కాదని మద్రాసు వెళ్లారు. క్వీన్ మేరీస్ కాలేజీ, ఆపైన ప్రెసిడెన్సీ కాలేజీలో 1921లో బోటనీ ఆనర్స్, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు. అక్కడి నుంచి ఆసియా మహిళలకిచ్చే బార్బర్ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం. 1931లో డాక్టరేట్. ఇదంతా ఒక పేరాలో చెప్పేయొచ్చు కానీ, ఆ రోజుల్లో ఒక తీయ కుటుంబపు ఆడపిల్లకు అందులో ఏ మెట్టూ సులువు కాదు. ఆమె కన్నా రెండేళ్లు పెద్దవాడైన భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు కూడా సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు నుంచి అమెరికా వెళ్లారు. ఆయన తిరిగి రాలేదు. జానకి వచ్చారు. తిరువనంతపురంలో రెండేళ్లు ప్రొఫెసర్‌గా పనిచేసి, 1934లో కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో జన్యుశాస్త్రవేత్తగా చేరారు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. భారతదేశపు చెరకును తియ్యగా చేసింది జానకి అమ్మాళేనని ఇటీవల తరచుగా రాస్తున్నారు. కోయంబత్తూరు కేంద్రం 1912లోనే మొదలైంది. లావుగా, రసవంతంగా ఉండే ఉష్ణమండలపు చెరకును ఏటిగట్ల మీద మొలిచే రెల్లుగడ్డితో సంకరం చేసి, ‘కో 205’ అన్న రకాన్ని 1918లోనే విడుదల చేసింది. తెలుగు రైతులు దశాబ్దాల పాటు సాగు చేసిన ‘కో 419’ లాంటివన్నీ ఆ కేంద్రం బిడ్డలే. పేరులోని ‘కో’ కోయంబత్తూరే. అంటే జానకి చేరేసరికే సంకరాలు పొలాల్లో ఉన్నాయి. లేనిది వాటి వెనకున్న లెక్క.

ఆమె పని ఆ లెక్క తేల్చడం. లావు చెరకు కణంలో 80 క్రోమోజోములుంటాయి. దాని అడవి చుట్టమైన రెల్లులో మాత్రం ప్రాంతాన్ని బట్టి 40 నుంచి 128 దాకా మారుతుంటాయి. ఏ రెల్లును ఏ చెరకుతో కలిపితే ఏం పుడుతుందో తెలియాలంటే సూక్ష్మదర్శిని కింద ఒక్కో రకాన్నీ లెక్కపెట్టాలి. జానకి ఆ పని చేశారు. అక్కడితో ఆగకుండా చెరకును జొన్నతో, దర్భజాతి గడ్డితో, చివరికి మొక్కజొన్నతో సంకరం చేశారు. చెరకు-మొక్కజొన్న సంకరంపై ఆమె రాసిన పత్రం 1938లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే సి.వి.రామన్ తాను స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు తొలి ఏడాదిలోనే ఆమెను ఫెలోగా తీసుకున్నారు.

బయట ఇంత గౌరవం. లోపల మాత్రం పెళ్లి కాని ఒంటరి స్త్రీ, అందులోనూ వెనకబడిన కులం. తోటి ఉద్యోగులతో ఇబ్బందులు ముదిరి, అక్కడ పనిచేయడమే కష్టమైందని ఆమె జీవితాన్ని పరిశీలించిన చరిత్రకారులు చెబుతారు. ఎడిన్‌బరో సభకు బయల్దేరిన నాటికి ఆమె వదిలి వెళుతున్నది అలాంటి ఆఫీసును.

యుద్ధం ఆమెకు లండన్ శివార్లలోని మెర్టన్‌లో చోటు చూపించింది. జాన్ ఇన్స్ ఉద్యానశాస్త్ర సంస్థలో 1940 నుంచి 1945 దాకా ఆమె సహాయ సైటాలజిస్టు. అంటే కణాల లోపలి నిర్మాణాన్ని చదివే మనిషి. సంస్థ డైరెక్టర్ సిరిల్ డార్లింగ్టన్ అప్పటికే క్రోమోజోముల శాస్త్రంలో పెద్ద పేరు. మనుషుల్లో జాతుల మధ్య పుట్టుకతోనే తేడాలుంటాయని తర్వాతి కాలంలో గట్టిగా వాదించి అపకీర్తి తెచ్చుకున్నదీ ఈయనే. అలాంటి వ్యక్తికి మలబారు నుంచి వచ్చిన ఈ నల్లటి మహిళ సహచరిగా, సహ రచయితగా, జీవితాంతం ఉత్తరాలు రాసుకునే స్నేహితురాలిగా ఎలా మిగిలారన్నది వింతే. మనుషుల సిద్ధాంతాలకూ స్నేహాలకూ ఎప్పుడూ పొంతన ఉండాలని లేదు.

1940 సెప్టెంబర్ నుంచి లండన్‌పై జర్మన్ బాంబులు రాత్రిళ్లు వరుసగా పడ్డాయి. విమానాల మోత వినిపించగానే జానకి మంచం కిందికి దూరేవారని, తెల్లారాక ప్రయోగశాలకు వెళ్లి అరల మీద పడిన గాజుపెంకులు ఊడ్చి, మళ్లీ పనిలో కూర్చునేవారని ఆమె గురించి చెప్పుకుంటారు. చీర కుచ్చిళ్లలో దాచి ఒక చిన్న ఉడుతను ఇంగ్లండ్ తెచ్చుకున్నారని, దానికి కాపోక్ అని పేరు పెట్టారని మరో కథ. కాపోక్ అంటే బూరుగుదూది. బాంబుల గురించి కన్నా మొక్కల గురించే ఎక్కువ మాట్లాడిన మనిషి కాబట్టి ఆ అయిదేళ్ల భయం ఎలాంటిదో ఇలాంటి చిన్న చిన్న కథల్లోంచే ఊహించుకోవాలి.

ఆ గాజుపెంకుల మధ్య తయారైన పుస్తకం మాత్రం అందరికీ తెలుసు. డార్లింగ్టన్, జానకి అమ్మాళ్ కలిసి రాసిన ‘క్రోమోజోమ్ అట్లాస్ ఆఫ్ కల్టివేటెడ్ ప్లాంట్స్’ 1945లో వెలువడింది. మనిషి సాగు చేసే మొక్కలు, వాటి చుట్టాలు, ఒక్కోదానిలో క్రోమోజోములెన్ని, పుట్టిల్లు ఎక్కడ, దేనికి పనికొస్తుంది అన్నది అందులోని సమాచారం. చూడ్డానికి అంకెల పట్టిక. కొత్త వంగడం సృష్టించాలనుకునే వ్యక్తికి మాత్రం దారి చూపే పటం. రెండు మొక్కలు సంకరం అవుతాయా, అయితే విత్తనం కడుతుందా అన్నది చాలావరకు ఆ అంకెల్లోనే ఉంటుంది. యుద్ధంలో తిండి కోసం దేశాలు అల్లాడుతున్నప్పుడు ఈ పట్టిక అవసరమేమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో ఎడిన్‌బరోకు రాలేకపోయిన వావిలోవ్‌ను 1940 ఆగస్టులో అరెస్టు చేశారు. ప్రపంచమంతా తిరిగి పంటల పుట్టిళ్లను గుర్తించి, లక్షల విత్తనాలు సేకరించిన ఆయన 1943 జనవరిలో సరాతోవ్ జైలులో తిండిలేక నశించిపోయారు. జర్మన్ ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో ఆయన సహచరులు కొందరు బస్తాల కొద్దీ వరి, వేరుశనగ విత్తనాలను ముట్టకుండా కాపలా కాస్తూ ఆకలితో చనిపోయారు. ఇటు బెంగాల్‌లో 1943 కరవుకు సుమారు 30 లక్షల మంది బలయ్యారు. ఆహారాన్నీ వృక్షశాస్త్రాన్నీ వేరుచేసి చూడలేని కాలం అది. జానకి తర్వాతి జీవితం ఆ నేపథ్యంలోంచే అర్థమవుతుంది.

యుద్ధం ముగిశాక ఆమె విజ్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో చేరారు. ఆ సొసైటీ జీతమిచ్చి పెట్టుకున్న తొలి మహిళా శాస్త్రవేత్త ఆమేనంటారు. 1946 నుంచి 1951 వరకు సాగిన ఈ దశ ఆమె జీవితంలో బహుశా అన్నిటికన్నా ప్రశాంతమైనది. అక్కడి ప్రధాన ఆయుధం కోల్చిసిన్. ఈ విషపదార్థం మన అడవినాభి దుంపలో కూడా ఉంటుంది. దీన్ని మొలకకు తగిలిస్తే కణం చీలబోయి ఆగిపోతుంది. క్రోమోజోములు రెట్టింపవుతాయి. ఆకులు మందంగా, పూలు పెద్దవిగా వస్తాయి. జానకి ఈ పద్ధతిని మాగ్నోలియా మొలకలపై ప్రయోగించి, వాటిని విజ్లీలోని బ్యాటిల్‌స్టన్ గుట్ట మీద నాటించారు. తెల్లటి పూలు పూసే ఒక రకానికి ఆమె పేరే పెట్టారు. ఆ గుట్ట మీద మాగ్నోలియాలు ఇప్పటికీ పూస్తాయి.

మొక్కల క్రోమోజోములకూ భూగోళానికీ ఉన్న సంబంధాన్ని ఆమె లోతుగా ఆలోచించిందీ ఆ రోజుల్లోనే. చలితోపాటు తేమ కూడా ఉండే ఈశాన్య హిమాలయాల్లో, చలి ఉన్నా పొడిగా ఉండే వాయవ్య హిమాలయాల్లో కన్నా క్రోమోజోములు రెట్టింపైన మొక్కలు ఎక్కువని, అందుకే అక్కడ కొత్త జాతులు వేగంగా పుట్టుకొచ్చాయని ఆమె వాదించారు. దీన్ని తేల్చుకోవాలంటే ఇంగ్లండ్ తోటలో కూర్చుంటే చాలదు. అస్సాం కొండలెక్కాలి.

పిలుపు కూడా అప్పుడే వచ్చింది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను తిరిగి నిర్మించడానికి రావాలని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ 1951లో ఆమెను ఆహ్వానించారు. 1890లో బ్రిటిష్‌వారు కలకత్తా కేంద్రంగా స్థాపించిన ఈ సంస్థ స్వాతంత్ర్యం నాటికి పేరుకు మాత్రమే మిగిలింది. 1952 అక్టోబర్‌లో జానకిని ప్రత్యేకాధికారిగా నియమించారు. వయసు 54 నిండి 55 దగ్గర పడుతోంది. ఆ వయసులో చాలామంది సర్కారు ఉద్యోగులు పెన్షన్ లెక్కలు చూసుకుంటుంటారు. ఆమె దేశంలోని మొక్కల లెక్క మొదలుపెట్టారు.

ఆమె గుర్తించిన సమస్య శాస్త్రీయమైనది కాదు, రాజకీయమైనది. భారతదేశంలో దశాబ్దాలుగా మొక్కలు సేకరించినవారిలో అధికులు విదేశీయులు. ఆ నమూనాలు చేరింది క్యూ తోటకు, యూరప్‌లోని ఇతర హెర్బేరియంలకు. ఎండబెట్టి, అట్టకు అతికించి, పేరు రాసి భద్రపరిచిన ఆ మొక్కలే వృక్షశాస్త్రానికి మూల దస్తావేజులు. ఒక జాతికి మొదట పేరు పెట్టిన నమూనా ఎక్కడుంటే, ఆ తర్వాత ఏ సందేహం వచ్చినా అక్కడికే వెళ్లాలి. దాంతో భారతీయ వృక్షజాలంపై పరిశోధన భారతదేశంలో కన్నా బయటే మెరుగ్గా చేయగల పరిస్థితి ఏర్పడిందని ఆమె ప్రభుత్వానికి నివేదించారు. భూమి రికార్డులు పక్క ఊరి కరణం ఇంట్లో ఉన్న రైతు పరిస్థితి లాంటిదన్నమాట. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకు, ఉక్కు గురించీ ఆనకట్టల గురించీ దేశం మాట్లాడుతున్నప్పుడు, ఎండుటాకుల యాజమాన్యం గురించి మాట్లాడిన వ్యక్తి ఆమె.

నెహ్రూ అండ ఉన్నా ఆమె కోరుకున్నట్టు జరగలేదు. 1954లో సర్వేను పునర్వ్యవస్థీకరించిన ప్రభుత్వం దాని పగ్గాలు హెర్మెనెగిల్డ్ శాంతాపావు అనే స్పానిష్ జెస్విట్ ఫాదర్ చేతిలో పెట్టింది. ఆయన తక్కువ మనిషి కాదు. పశ్చిమ కనుమల మొక్కలపై ఆయన పని ఇప్పటికీ ప్రామాణికమే. కానీ ఆయనది క్యూ సంప్రదాయం. మొక్కను పోల్చి, వర్ణించి, పేరు పెట్టి అర్రలో దాచే పద్ధతి. జానకిది కణంలోకి చూసే పద్ధతి. మొక్క ఎలా మారింది, ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచింది, మనిషి దాన్నేం చేశాడు అన్నవి ఆమె ప్రశ్నలు. క్యూ గెలిచింది, మనం ఓడిపోయామన్న అర్థంలో ఆమె డార్లింగ్టన్‌కు ఆవేదనగా ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరంలో వ్యక్తిగత నిరాశ లేదనుకోవడం అమాయకత్వమే. ఏరికోరి పిలిపించి, పెత్తనం మరొకరికి అప్పగిస్తే ఎవరికైనా బాధే. కానీ వాదన మాత్రం వ్యక్తిగతం కాదు. జెండా మారినంత మాత్రాన జ్ఞానం పుట్టే చోటు మారదన్న సంగతిని ఆమె సొంత అనుభవంతో చెప్పారు. బాంబులు పడుతున్న లండన్‌లో అయిదేళ్లూ ఆమె పని ఆగలేదు. స్వతంత్ర భారతదేశంలో రెండేళ్లలోనే పనికి అడ్డుకట్ట పడింది. సర్వే అయితే ఆగలేదు. 1955-56లో కోయంబత్తూరు, పుణె, షిల్లాంగ్, డెహ్రాడూన్‌లలో ప్రాంతీయ కేంద్రాలు వెలిశాయి. మరోవైపు, క్యూలోని నమూనాలను సంప్రదించేందుకు దశాబ్దాల తరబడి ఒక భారతీయ అధికారిని లండన్‌లో కూర్చోబెట్టాల్సి వచ్చింది కూడా ఈ సర్వేకే. జానకి చెప్పిన సమస్యకు అంతకన్నా సర్కారీ సాక్ష్యం అక్కర్లేదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఆమె దృష్టి కూడా మారింది. కరవు భయం వదలని ప్రభుత్వం ‘ఆహారోత్పత్తి పెంచండి’ ఉద్యమంలో అడవులను నరికించి సాగులోకి తెస్తోంది. అస్సాంలో మాగ్నోలియా గ్రిఫితీ అనే చెట్టు ఒకే ఒక్కటి మిగిలిందని విని, దాన్ని చూడటానికి ఆమె షిల్లాంగ్ నుంచి 37 మైళ్లు వెళ్లారు. వెళ్లేసరికి అది కాలిపోయి ఉంది. విజ్లీలో మాగ్నోలియా మొలకలను పెంచి పెద్ద చేసిన మనిషికి వాటి పుట్టింట్లో దొరికింది బూడిద. అంతవరకు మొక్కను మెరుగుపరచడమే ఆమె పని. అక్కడి నుంచి ఉన్న మొక్కను నిలుపుకోవడం కూడా ఆమె పనైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తిండి పెంచాలన్న ఉద్యమం తప్పని ఆమె అనలేరు. కోయంబత్తూరులో ఆమె చేసిందీ, అట్లాస్ ఉద్దేశమూ ఎక్కువ పంట తీయడమే. ఆకలి, అడవి అన్న రెండు నిజాల మధ్య ఆమె నిలబడ్డారు. 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో భూమి రూపురేఖలను మనిషి ఎలా మార్చేస్తున్నాడన్న అంశంపై పెద్ద సదస్సు జరిగింది. పర్యావరణమన్న మాట ఇంకా వాడుకలోకి రాని రోజులవి. దానికి పిలుపు అందుకున్న ఏకైక మహిళ జానకి అమ్మాళ్. అక్కడ ఆమె భారతదేశపు జీవనాధార వ్యవసాయం గురించి మాట్లాడారు. పొట్ట నింపుకోవడానికే పండించుకునే ఆదివాసుల, కొండజాతుల పద్ధతులను, మాతృవంశ సమాజాల్లో ఆస్తికీ పంటకూ స్త్రీలు కాపుదారులుగా ఉండటాన్ని ఆమె వెనకబాటుతనంగా చూడలేదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉందన్నారు. అభివృద్ధి అంటే ట్రాక్టరే అనుకుంటున్న కాలంలో ఆ మాట వినే ఓపిక ఢిల్లీలో ఎంతమందికి ఉంది?

ఆ ఏడాదే అట్లాస్ రెండో కూర్పు వెలువడింది. ‘సాగు మొక్కలు’ అన్నచోట ‘పూల మొక్కలు’ అని శీర్షిక విస్తరించింది. డార్లింగ్టన్ పక్కన సహ రచయితగా వైలీ పేరు వచ్చింది. జానకి పేరు లేదు.

మిగతా ఉద్యోగ జీవితమంతా సామాన్లు సర్దుకోవడమే. అలహాబాద్‌లో కేంద్రీయ వృక్షశాస్త్ర ప్రయోగశాల, జమ్మూలో ప్రాంతీయ పరిశోధనశాల, కొద్దికాలం ట్రాంబే అణు పరిశోధన కేంద్రం. 1956లో మిషిగన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1977లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆమెకు 79 ఏళ్లు. 1970లో మద్రాసు విశ్వవిద్యాలయం ఎమెరిటస్ శాస్త్రవేత్తగా పిలిస్తే, నగరం శివారు మదురవాయల్‌లోని క్షేత్ర ప్రయోగశాలలో మకాం పెట్టారు. పసుపుపచ్చ చీర, చుట్టూ ఔషధ మొక్కలు, ఇంటినిండా పిల్లులు. పిల్లికూనల్లో ఒకదానికీ మరొకదానికీ తేడాలు కూడా ఆమె గమనించేవారట. లెక్కపెట్టే అలవాటు ఎక్కడికి పోతుంది?

సైలెంట్ వ్యాలీ గొడవ ఆ రోజుల్లోదే. కేరళలో కుంతీపుళ నదికి ఆనకట్ట కట్టి కరెంటు తీయాలన్న ప్రాజెక్టుకు 1973లో అనుమతి వచ్చింది. దట్టమైన వానల అడవి మునిగిపోతుంది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్, కవయిత్రి సుగతకుమారి, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ లాంటివారు వ్యతిరేకించారు. జానకి అమ్మాళ్ కూడా గొంతు కలిపారు. అయితే ఆమె తరహా వేరు. ఆ లోయను సరస్సుగా మార్చేలోపు అందులోని చెట్ల క్రోమోజోములను సర్వే చేయాలని, ఈ వయసులో ఇదో సాహసమని డార్లింగ్టన్‌కు రాశారు. 80 ఏళ్ల మనిషి, మునిగిపోతుందనుకుంటున్న అడవి. లండన్‌లో గాజుపెంకుల మధ్య చేసిన పనినే మళ్లీ మొదలుపెట్టారు.

1983లో ప్రాజెక్టును విరమించారు. 1984 ఫిబ్రవరి 7న జానకి అమ్మాళ్ మదురవాయల్‌లో కన్నుమూశారు. సైలెంట్ వ్యాలీని జాతీయ పార్కుగా ప్రకటించింది ఆ ఏడాది నవంబర్ 15న.

వృక్షాల వర్గీకరణలో కృషికి కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే పురస్కారానికి 1999లో ఆమె పేరు పెట్టారు. జమ్మూలోని హెర్బేరియం కూడా ఆమె పేరిటే ఉంది. అందులోని నమూనాలు 25 వేలకు పైనే. వాటిని చూడటానికి మాత్రం ఎవరూ లండన్ వెళ్లక్కర్లేదు.